చెత్తగుట్ట ముందు ఎక్కడ జారుతుంది?

2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర భూకంపం వచ్చింది. తీవ్రత 5.3. హైదరాబాద్‌లో కూడా చాలామందికి తెలిసింది. మేముండేది నాగారంలో. ఫ్యాను ఊగిందా, మంచం కదిలిందా అని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఆ గోలలోనే కింది ఫ్లోర్ అంకుల్ నాకు విడిగా మెసేజ్ పెట్టారు. "అమ్మా, నువ్వు మట్టి ఇంజినీరువి గదా. మన జవహర్‌నగర్ డంపింగ్ యార్డు భూకంపానికి కూలుతదా?"

"కూలదు అంకుల్, టెన్షన్ పడకండి" అని జవాబిచ్చాను. పొద్దున ఏడున్నరకు అంతకన్నా ఏం రాస్తాం. కానీ అది నిజంగా మంచి ప్రశ్న. అప్పటికి మా ఆఫీసులో దాదాపు అదే ప్రశ్న మీద కూర్చుని ఉన్నాం, కాకపోతే వేరే రాష్ట్రం కోసం. దాని పొడుగు జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మాది హబ్సిగూడలో చిన్న జియోటెక్నికల్ కన్సల్టెన్సీ. ఎక్కువగా చేసేది అపార్ట్‌మెంట్ల పునాదులకు సాయిల్ టెస్టులు. హైదరాబాద్‌లో ఈ పని తేలికే అని చెప్పాలి. పైన కాస్త మొరం, దాని కింద మెత్తబడ్డ రాయి, ఇంకా కిందికి పోతే గట్టి గ్రానైట్. కొన్ని చోట్ల బోరు మొదలుపెట్టిన గంటకే మేస్త్రీ "రాయి తగిలింది మేడం" అంటాడు. ఇలాంటి నేల మీద బతికే మాకు ఈశాన్యంలో ఒక పట్టణానికి కొత్త ల్యాండ్‌ఫిల్ (చెత్తను పద్ధతిగా పూడ్చే చోటు) డిజైన్ చూసే పని వచ్చింది. అక్కడ నది తెచ్చి పోసిన ఇసుక, కొంచెం తవ్వితే నీళ్లు. పైగా జోన్ 5.

జోన్ల సంగతి ముందు చెప్పేస్తాను. భూకంపాలకు మన కోడ్ ఐఎస్ 1893. అందులో 2016 నాటి పట్టిక ప్రకారం హైదరాబాద్ జోన్ 2, దాని ఫ్యాక్టర్ 0.10. విజయవాడ జోన్ 3, 0.16. ఢిల్లీ జోన్ 4, 0.24. గువాహటి జోన్ 5, 0.36. అంటే అక్కడ పెద్ద భూకంపం వస్తే నేల ఊపు గురుత్వాకర్షణలో మూడో వంతు దాటుతుందని లెక్క వేసుకోవాలి. జోన్ 2 అనగానే సున్నా అనుకునేవాళ్లకు ఒక మాట. 1993 సెప్టెంబర్ 30న లాతూర్‌లో వేలమంది చనిపోయిన నాటికి ఆ ప్రాంతం అన్నింటికన్నా సురక్షితమైన జోన్ 1లో ఉండేది. ఆ తర్వాత 2002లో జోన్ 1 అనేదే తీసేశారు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం వైపు 5.7 వచ్చింది. 1983లో మేడ్చల్ దగ్గరే వచ్చింది.

సరే, చెత్త. మొదట నాకూ వింతగా అనిపించిన విషయం ఏమిటంటే, పట్టణపు చెత్త మనం అనుకునేంత బలహీనమైన పదార్థం కాదు. ప్లాస్టిక్ కవర్లు, గుడ్డపీలికలు, తాళ్లు, గోనెసంచులు అన్నీ అడ్డంగా పొరలు పొరలుగా పడి, మీద బరువుకు అణిగి, లోపల ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బయోమైనింగ్ కోసం, అంటే పాతచెత్తను తవ్వి వేరుచేయడానికి, పొక్లెయిన్ గుట్టను కోసినచోట చూడండి, ఆ కోత దాదాపు గోడలా నిలబడుతుంది. ఇసుకను అలా కోస్తే నిమిషం నిలవదు. పరిశోధకులు వాడే అంకెల్లో చెత్తకు ఘర్షణ కోణం (జారకుండా ఎంత వాలును భరిస్తుందో చెప్పే అంకె) 33 డిగ్రీల దాకా ఉంది, మంచి మొరంతో సమానం. కాలిఫోర్నియాలో 1989లో లోమా ప్రియేటా, 1994లో నార్త్‌రిడ్జ్ భూకంపాలు వచ్చినప్పుడు చుట్టుపక్కల ల్యాండ్‌ఫిల్‌లు చాలానే ఊగాయి. పైన కప్పిన మట్టిలో పగుళ్లు, చెత్తలో పుట్టే గ్యాస్‌ను లాగే పైపులు విరగడం కనిపించాయి. గుట్టకు గుట్ట కూలిపోవడం మాత్రం జరగలేదు.

అలాగని ఆ నిలబడిన కోతను చూసి ధైర్యపడే కాంట్రాక్టర్లంటే నాకు భయం. చెత్తలో ఆ పట్టు అడ్డంగా ఉన్న పొరలను కోసుకుంటూ జారేటప్పుడే పనిచేస్తుంది. పొరల వెంబడే జారితే ఆ పీలికలు దేన్నీ పట్టుకోవు.

అసలు బలహీనత చెత్తలో లేదు, చెత్త కింద మనం పరిచేదాంట్లో ఉంది.

2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు కొత్త ల్యాండ్‌ఫిల్‌కు అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి దిమ్మిస కొట్టాలన్నాయి. దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు. ఆ షీటుకు గుచ్చుకోకుండా జియోటెక్స్‌టైల్ అనే మందపాటి సింథటిక్ గుడ్డ, దాని మీద కంకర, కంకరలో లీచేట్ పైపులు. లీచేట్ అంటే చెత్తలోంచి కారే నల్లనీళ్లు. ఇదంతా భూగర్భజలాన్ని కాపాడటానికి. కాపాడుతుంది కూడా. కానీ ఈ పొరలన్నీ నున్నటివి. బీరువాలో పట్టుచీరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ దొంతరను కాస్త వంచి చూడండి, అదే సంగతి. నున్నటి షీటుకూ జియోటెక్స్‌టైల్‌కూ మధ్య ఘర్షణ కోణం పది డిగ్రీల దగ్గర ఉంటుంది. బంకమట్టికి బదులు బెంటోనైట్ (నీళ్లకు ఉబ్బే మట్టి) నింపిన చుట్ట వాడి, అది తడిసి ఉబ్బితే అంతకన్నా తక్కువ. పైన ముప్పై మీటర్ల చెత్తకు 33 డిగ్రీల బలం ఉండొచ్చు. అది నిలబడింది మాత్రం పది డిగ్రీల మీద.

ఇది ప్రపంచానికి బాగా తెలిసొచ్చింది 1988 మార్చి 19న. కాలిఫోర్నియాలో కెటిల్‌మన్ హిల్స్ అనే చోట ప్రమాదకర వ్యర్థాల ల్యాండ్‌ఫిల్. కొత్తది, రెండు వరసల లైనర్లతో, అంటే ఇలా అడుగున పరిచే పొరలతో, నిబంధనల ప్రకారం కట్టింది. చెత్త ఎత్తు 27 మీటర్ల దాకా వచ్చింది. ఆరోజు భూకంపం లేదు. అయినా మొత్తం మేట ఒక్కసారిగా అడుగున ఉన్న షీట్ల మీద జారి పక్కకు 11 మీటర్ల దాకా వెళ్లింది, కిందికి నాలుగు మీటర్లు దిగింది. తర్వాత పరీక్షలు చేస్తే కొన్ని పొరల మధ్య కోణం ఎనిమిది డిగ్రీలే అని తేలింది. నీళ్లు బయటకు పోకూడదని పెట్టిన పొరే గుట్టకు దారి ఇచ్చింది. మా జూనియర్లకు ల్యాండ్‌ఫిల్ గురించి చెప్పేటప్పుడు ఏ భూకంపం కన్నా ముందు నేను చెప్పేది ఈ కథే.

ఇక నిజంగా భూకంపం వస్తే ఏమవుతుందో నార్త్‌రిడ్జ్ చూపించింది. 1994 జనవరి 17, తీవ్రత 6.7. షికీటా క్యాన్యన్ అనే ల్యాండ్‌ఫిల్‌లో చెత్త కిందికి కదలబోతూ షీటును లాగింది. షీటు పైఅంచు గట్టు మీద కందకంలో పాతిపెట్టి ఉంది, దాన్ని యాంకర్ ట్రెంచ్ అంటాం. కింద లాగుడు, పైన కట్టు. మధ్యలో షీటు చిరిగింది. ఒకచోట ఆ చిరుగు పొడవు 20 మీటర్లకు పైనే. అది గట్టు పైభాగంలో జరిగింది కాబట్టి కనిపించింది, బాగుచేశారు. అడుగున చిరిగితే ఎవరికి తెలుస్తుంది? ఏళ్ల తర్వాత ఊరి బోరునీళ్లు రంగు మారితే తెలుస్తుంది. అందుకే డిజైన్‌లో "కూలుతుందా, కూలదా" అనే ప్రశ్నకన్నా "ఎంత కదులుతుంది, ఆ కదలికను షీటు తట్టుకుంటుందా" అనేదే పెద్దది.

మా జూనియర్‌తో బోర్డు మీద వేయించిన లెక్క ఒకటి చెబుతాను. కాలిక్యులేటర్ ఉన్నవాళ్లు వేసి చూడొచ్చు. ల్యాండ్‌ఫిల్ నిండాక పైన షీటు వేసి మట్టి కప్పుతారు, అది క్యాపింగ్. వాలు ఒకటికి మూడు, అంటే 18.4 డిగ్రీలు. షీటుకూ మట్టికీ మధ్య 24 డిగ్రీల ఘర్షణ ఉందనుకుందాం, గరుకు షీటు వాడాం కాబట్టి. ఏ ఊపూ లేనప్పుడు ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ, అంటే ఆపే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే వచ్చేది, 1.34. ఇప్పుడు జోన్ ఫ్యాక్టర్‌లో సగాన్ని పక్కకు తోసే బలంగా పెట్టాలి. హైదరాబాద్‌కు అది 0.05. సేఫ్టీ ఫ్యాక్టర్ 1.14కు దిగింది, ఫరవాలేదు. జోన్ 5కు 0.18. సేఫ్టీ ఫ్యాక్టర్ 0.82.

"ఒకటికి తక్కువొచ్చింది మేడం. అంటే కూలినట్టేనా?" అన్నాడు.

కూలినట్టు కాదు. 1965లో న్యూమార్క్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఆనకట్టల గురించి చెప్పిన పద్ధతే ఇక్కడా వాడతాం. భూకంపం ఒకే దిక్కుకు అదేపనిగా తోయదు, క్షణంలో అటు, క్షణంలో ఇటు. మన వాలు గురుత్వాకర్షణలో 0.1 వంతు దాకా ఊపును జారకుండా భరిస్తుంది. ఊపు అంతకు మించిన ఆ కొన్ని అరక్షణాల్లోనే మట్టి కొంచెం జారుతుంది, మళ్లీ ఆగుతుంది. ఆ చిన్నచిన్న జారుళ్లన్నీ కూడితే ఎన్ని సెంటీమీటర్లు? అడుగు లైనర్‌కు 15 నుంచి 30 సెంటీమీటర్ల దాకా ఒప్పుకోవచ్చని ఈ రంగంలో ఎప్పట్నుంచో వాడుక. పైకప్పు మట్టికి ఇంకా ఎక్కువ ఒప్పుకుంటారు, ఎందుకంటే అది కళ్లముందే ఉంటుంది, రెండు టిప్పర్ల మొరం తోలి సరిచేయొచ్చు.

అతను అక్కడితో ఆపబోయాడు. ఇంకొక్క గడి నింపమన్నాను. భూకంపం వద్దు. పెద్ద వాన పడి, క్యాప్ మట్టి కింద డ్రెయినేజీ పొర లేక, మట్టి మొత్తం నీళ్లతో నిండి వాలు వెంట పారుతోందనుకో. లెక్క వేశాడు. 0.67. జోన్ 5 భూకంపానికి వచ్చినదానికన్నా తక్కువ. పైగా వాన క్షణం తోసి క్షణం వదలదు, గంటల తరబడి తోస్తూనే ఉంటుంది. న్యూమార్క్ లెక్క ఇక్కడ కాపాడదు. మట్టి జారి కిందికే వస్తుంది.

2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మా ఇంటికి ఎంతో దూరం కాదు. ఇలాంటి వాన హైదరాబాద్ చెత్తగుట్టలకు అసలు పరీక్ష. భూకంపం కాదు.

ప్రపంచంలో మనుషుల్ని చంపిన చెత్తగుట్టల పేర్లు చూస్తే ఇదే కనిపిస్తుంది. మనీలాలో పాయటాస్, 2000 జులై, తుపాను వానల తర్వాత. ఇండోనేషియాలో లెవిగజా, 2005 ఫిబ్రవరి, మూడురోజుల వాన తర్వాత, 140 మందికి పైగా. కొలంబోలో మీతోటముల్ల, 2017 ఏప్రిల్. అదే ఏడాది సెప్టెంబర్ 1న ఢిల్లీలో ఘాజీపూర్, గుట్టలో ఒక ముక్క విరిగి రోడ్డు మీద వాళ్లను కాలువలోకి తోసింది. వీటిలో ఏదీ భూకంపం వల్ల కాదు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా రెండూ భూకంపాల దేశాలే అయినా. నిటారు వాలు, అదుపులేని ఎత్తు, లోపల నిలిచిన నీళ్లు. ఈ మూడూ ఉన్న గుట్టకు భూకంపం వస్తే? దానికి కొత్త శాస్త్రం అక్కర్లేదు.

అందుకే జోన్ 5 రిపోర్టులో కూడా నేను మొదట రాయించింది లీచేట్ మట్టం గురించే. లైనర్ మీద నీళ్లు 30 సెంటీమీటర్లు దాటి నిలవకూడదనేది మామూలు షరతు. డ్రాయింగులో ఎప్పుడూ దాటదు. సైటులో మాత్రం పైపు పూడుకుపోతుంది, పంపు కాలిపోతుంది, మోటారు రిపేరుకు వెళ్లి వారం రాదు. భూకంపం వచ్చిన రోజు కరెంటు ఎలాగూ పోతుంది. లీచేట్ పంపుకు, గ్యాస్ బ్లోయర్‌కు జనరేటర్ ఉందా, గ్యాస్ పైపుల జాయింట్లు వంగేవా బిగుసుకుపోయేవా అని అడిగితే అదేదో ఎలక్ట్రికల్ వాళ్ల విషయమన్నట్టు చూస్తారు.

ఇంకో సంగతి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. మెత్తటి గుట్ట కాబట్టి ఊపును మింగేస్తుంది అని. బలమైన ఊపును కొంత మింగుతుంది, నిజమే. కానీ ఓ మోస్తరు ఊపును పైకి వెళ్లేకొద్దీ పెంచుతుంది కూడా. లాస్‌ఏంజిలిస్ పక్కన ఓఐఐ అనే పాత ల్యాండ్‌ఫిల్‌లో అడుగున ఒకటి, శిఖరాన ఒకటి యంత్రాలు పెట్టి దీన్ని కొలిచారు. గుట్టకు తనదంటూ ఒక ఊగే కాలం ఉంటుంది. ఎత్తును నాలుగుతో హెచ్చవేసి చెత్తలో తరంగం వేగంతో భాగించాలి. 30 మీటర్ల గుట్ట, వేగం సెకనుకు 200 మీటర్లు, కాలం 0.6 సెకను. మన దగ్గర బోరబండలో వచ్చే చిన్న ప్రకంపనలు చాలా వేగంగా కొట్టుకుంటాయి, ఆ లయ ఇంత పెద్ద గుట్టను పెద్దగా కదపదు. హిమాలయాల్లోనో అస్సాంలోనో వచ్చే పెద్ద భూకంపం వేరు. 1897, 1950 నాటివి ఎనిమిది దాటినవి. అవి నిదానంగా, చాలాసేపు ఊపుతాయి. ఢిల్లీ, గువాహటి గుట్టల లయకు సరిగ్గా అలాంటి ఊపే దగ్గర.

మేం చూస్తున్న పట్టణంలో గుట్టకన్నా ముందు నేలే అనుమానం. వదులు ఇసుక, కిందే నీళ్లు ఉంటే ఊపుకు ఇసుక నీళ్లలా మారుతుంది. దాన్ని ఎలా సరిచేస్తున్నామో చెప్పాలంటే ఇంకో పోస్టు కావాలి. స్టోన్ కాలమ్స్ (నేలలోకి దించే కంకర స్తంభాలు) వేయమన్నాం, బడ్జెట్ గురించి ఉత్తరాలు నడుస్తున్నాయి, అంతే.

జవహర్‌నగర్‌కు వస్తే, అక్కడ కోటి టన్నులకు పైగా పాతచెత్తకు క్యాపింగ్ చేశారు. ఆ పాతచెత్త కింద లైనర్ లేదు. భూగర్భజలానికి అది దురదృష్టం. కానీ జారుడు లెక్కలో చూస్తే అడుగున నున్నటి షీటు లేదు, మొరం, రాయి ఉన్నాయి, జోన్ 2 కూడా. కాబట్టి అంకుల్‌కు ఇచ్చిన జవాబులో "కూలదు" అన్నది నిలబడుతుంది. అక్కడ నేనైతే చూసేది పైషీటు మీద మట్టిని, వానాకాలంలో పాదం దగ్గర తడిని. ఏ డంపింగ్ యార్డు పక్కన ఉన్నవాళ్లయినా ఈ రెండూ చూడొచ్చు. దాంతోపాటు శిఖరాన అంచుకు సమాంతరంగా పగులు తెరుచుకుందా, పాదం దగ్గర నేల ఉబ్బిందా అన్నది కూడా. అలాంటిది కనిపిస్తే దగ్గరికి పోకండి, తేదీతో ఫోటో తీసి పంపండి.

మా ఈశాన్యం పనిలో ఇప్పుడు పేచీ ఒక్క పొర మీద. షీటును గరుకుది వాడితే కోణం ఇరవై దాటుతుంది, సరే. కానీ క్యాటలాగులో అంకె చూసి ఒప్పుకోనన్నాను. మామూలు మట్టికి వాడే షియర్ బాక్స్ (జారుడును ఆపే బలాన్ని కొలిచే పెట్టె) 60 మిల్లీమీటర్లది, దాంట్లో ఈ షీట్ల పరీక్ష సరిపోదు, 300 మిల్లీమీటర్ల పెట్టె కావాలి. అందులోనూ మొదట్లో వచ్చే గరిష్ఠ బలం కాదు, కొన్ని సెంటీమీటర్లు జరిగాక మిగిలే బలం చూడాలి, ఎందుకంటే జరిగేటప్పుడు ఆ గరుకు అరిగిపోతుంది.

రెండోది, అన్ని పొరలనూ సమానంగా గరుకు చేయొద్దన్నాను. ప్రధాన షీటుకు కిందివైపు గరుకు ఎక్కువ ఉండాలి, పైవైపు ఒక పొర కావాలనే కాస్త బలహీనంగా ఉండాలి. అప్పుడు ఊపుకు జారినా షీటు పైన జారుతుంది, షీటు చిరగదు, బంకమట్టి చెదరదు. క్లయింటు తరఫున రిపోర్టు చదివే ఆయనకు ఈ పేరా నచ్చలేదు. "డిజైన్‌లో బలహీనమైన పొర అని మీరే రాస్తే ఆడిట్‌లో మమ్మల్ని అడుగుతారు మేడం, ఆ మాట తీసేయండి" అంటున్నారు. మాట మార్చడానికి అభ్యంతరం లేదు, పొరను మాత్రం మార్చనని చెప్పాను. సోమవారం మళ్లీ మీటింగ్. ఈలోపు పెద్ద షియర్ బాక్స్ ఖాళీ ఎప్పుడు దొరుకుతుందో ల్యాబ్‌కు ఫోన్ చేయాలి.